ఒక్కపొద్దు చీటీ

నాకు చీటీలు చదివే పిచ్చి ఉంది. పచ్చడి సీసా కొన్నా, సబ్బు కొన్నా ముందూ వెనకా తిప్పి అక్షరం వదలకుండా చదివితే గానీ సంచిలో వేసుకోను. కిరాణా కొట్టులో నా వెనక నిలబడ్డవాళ్లు గొణుక్కుంటారు. మా ఆవిడ నన్ను సామాన్లకు పంపడమే మానేసింది. మందుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని, ఈ జబ్బు నన్ను వదలదు.

మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు, ఫార్మసీ చదువుతున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద కేసు ఏది సార్?" అని అడిగారు. నకిలీ మందుల గోదాము మీద దాడి కథ చెబుతాననుకున్నారు. నేను అగ్గిపెట్టె అంత కూడా లేని కాగితం ముక్క కథ చెప్పాను. దాని మీద ఉన్నది ఒకే ఒక్క మాట. ఆ మాటకు రెండు అర్థాలున్నాయని నాకు తెలిసేసరికి ఒకామెకు ప్రాణం మీదికి వచ్చింది, ఇంకొకాయన జైలు గడప దాకా వెళ్లాడు. పిల్లలు రాసిపెట్టమంటే రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. పేరు కనబడని మందు అమ్మడం నేరం గానీ, పేరు చెప్పకుండా కథ చెప్పడం నేరం కాదు.

అప్పుడు నా పోస్టింగు వరంగల్‌లో. ఒకరోజు పెద్ద దవాఖాన నుంచి ఒక డాక్టరు గారు ఫోన్ చేశారు. డోర్నకల్ నుంచి వచ్చిన యాభై ఏళ్ల ఆమె వార్డులో ఉందన్నారు. నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోతోంది, రక్తకణాలు బాగా పడిపోయాయి. "ఆమె కొంగున కట్టుకొచ్చిన మాత్రల స్ట్రిప్ ఒకటుంది. మీరొచ్చి చూస్తే బాగుంటుంది" అన్నారు.

వెళ్లాను. ఆమె మాట్లాడే స్థితిలో లేదు. డాక్టరు గారు టేబుల్ సొరుగులోంచి స్ట్రిప్ తీసి చూపించారు. వెనకవైపు, మందు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ అచ్చయ్యే చోట, సరిగ్గా దాని మీద తెల్ల కాగితం చీటీ అతికించి ఉంది. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. 'క్క'లో వత్తు ఎంత ముద్దుగా ఉందో ఇప్పటికీ నాకు గుర్తు. రాసి ఉన్నది 'ఒక్క పొద్దు' అని. డాక్టరు గారు సగం చీటీ తడిపి ఊడదీశారు. కింద ఉన్నది కీళ్ల వాతానికి ఇచ్చే మాత్ర పేరు. వారానికి ఒక్కసారి వేసుకుంటే అది మందు, రోజూ వేసుకుంటే విషం.

"ఒక్క పొద్దు అంటే రోజుకు ఒకసారి. ఆమె రోజూ పొద్దున్నే వేసుకుంది. వారానికి వేసుకోవాల్సిన దాన్ని రోజుకని రాసిచ్చిన ఆ మహానుభావుడు ఎవరో కనుక్కోండి" అన్నారాయన. ఆయన గొంతులో కోపం ఉంది. విన్న నాకూ కోపం వచ్చింది.

కనుక్కోవడం కష్టం కాలేదు. ఊడిన సగాన్ని వెనక్కి మడిస్తే అది పాత బిల్లు పుస్తకం కాగితం. తెగిపోయిన అచ్చు అక్షరాల్లో 'మట్టెవా' వరకు కనబడింది. వరంగల్ మట్టెవాడలో బిల్లు పుస్తకం కాగితాన్ని కూడా పారెయ్యకుండా కత్తిరించి వాడే మందుల దుకాణదారు నాకు తెలిసి ఒకడే ఉన్నాడు. అది తట్టగానే నా కోపం కొంచెం తగ్గి, భయం మొదలైంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ స్ట్రిప్‌ను కవరులో పెట్టి ఆఫీసుకు తెచ్చి, రిపోర్టు రాస్తూ టేబుల్ మీద పెట్టుకున్నాను. చాయ్ తెచ్చిన మా అటెండరు దాన్ని వంగి చూసి, "ఎవలిది సార్ ఒక్కపొద్దు?" అన్నాడు.

"ఎవరిదీ కాదు, కేసుది. ముట్టుకోకు" అన్నాను.

అతను ఏదో అనబోయి, నా మొహం చూసి, గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట. మీ ఆఫీసులో అందరికంటే తక్కువ చదువుకున్న మనిషి మీ టేబుల్ మీది కాగితం చూసి ప్రశ్న అడిగితే, పెన్ను పక్కన పెట్టి వినండి. నేను వినలేదు.

మర్నాడు దుకాణానికి వెళ్లాను. పాత బజారులో, బట్టల కొట్టుకూ ఇత్తడి సామాన్ల కొట్టుకూ మధ్య ఇరుకైన దుకాణం. యజమాని వ్యాపారస్థుల కుటుంబంలో పుట్టి, పట్టుబట్టి ఫార్మసీ డిప్లొమా చదివినవాడు. బజారులో అందరూ సేటు అనే పిలుస్తారు. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కూడా ఆయనే. బిల్లు లేకుండా గోలీ ఇవ్వడు, డాక్టరు చీటీ లేకుండా ఎర్రగీత మందు ముట్టడు. తనిఖీకి వెళ్తే రాసుకోవడానికి తప్పు దొరక్క విసుగు పుట్టే దుకాణం అది.

నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "రండ్రి సార్, మీకే సూపియ్యాలనుకుంటాన్న" అని కౌంటరు కింద చెక్క సొరుగు లాగాడు. అందులో అరలు అరలుగా చీటీలు. పొద్దుగాల. మాపటికి. పరిగడుపున. బువ్వ తిన్నంక. నొప్పి లేస్తెనే. అన్నీ అవే గుండ్రటి అక్షరాలు. పక్కన బంక సీసా, కత్తెర.

"మా ఇంటామె రాస్తది సార్. పగటీలి దుకాణం సల్లవడ్డప్పుడు కూసోని రాస్తది. మీరే చెప్పిండ్రు గద, తెలుగుల రాసియ్యమని."

ఇదీ నా భయానికి కారణం. అంతకు పది నెలల ముందు అదే కౌంటరు దగ్గర నిలబడి నేను రిజిస్టర్లు చూస్తుంటే, ఒక ముసలాయన సంచిలోంచి రకరకాల మాత్రలు కుప్పగా పోసి, ఏది ఎప్పుడు వేసుకోవాలో మళ్లీ చెప్పమని బతిమాలుతున్నాడు. అది ఆయన మూడోసారి రావడమట. నాకు జాలేసింది. "జర తెలుగుల రాసియ్యరాదు సేటూ, ముసలోల్లు గోస పడుతాండ్లు" అన్నాను. అనేసి, చాయ్ తాగి, తనిఖీ పుస్తకంలో అంతా సవ్యంగా ఉందని రాసి వెళ్లిపోయాను. ఎక్కడ రాయాలో, ఎలా రాయాలో చెప్పలేదు. ఊరికే ఇచ్చే సలహాకు కొలతలెవరు చూస్తారు?

"కవరు మీద రాయొచ్చు కదా. స్ట్రిప్ మీద ఎందుకు అతికించారు?" అని అడిగాను.

"కవరు బస్సు దిగకముందే పారేస్తరు సార్. గోలీల మీదనే అతికిస్తె ఇగ పొమ్మన్నా పోదు" అన్నాడు, ఎంతో తెలివైన పని చేసినట్టు.

కొత్త ఇన్‌స్పెక్టర్లకు తెలిసిందే, మిగతావాళ్ల కోసం చెబుతాను. తయారు చేసినవాడు మందు మీద అచ్చువేసిన మాటలను కప్పడానికి గానీ చెరపడానికి గానీ అమ్మేవాడికి హక్కు లేదు. లేబుల్ సరిగా లేని మందు, మా భాషలో మిస్‌బ్రాండెడ్, అమ్మితే ఏడాదికి తక్కువ కాకుండా, రెండేళ్ల దాకా జైలు, ఇరవై వేలకు తగ్గకుండా జరిమానా. ప్రత్యేక కారణాలుంటే, వాటిని తీర్పులో రాసి జడ్జి గారు జైలు శిక్ష తగ్గించవచ్చు. ఇప్పుడు ఇలాంటి కొన్ని కేసులకు రాజీ పద్ధతి వచ్చిందంటున్నారు, మా కేసు నాటికి అది లేదు. దుకాణదారును కాపాడే మాట కూడా చట్టంలో ఒకటుంది. లైసెన్సు ఉన్నవాడి దగ్గరే కొన్నాను, లోపం నాకు తెలియదు, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే భద్రంగా ఉంచి అమ్మాను అని రుజువు చేసుకుంటే బయటపడతాడు. ఆ 'అలాగే' అన్న మాట దగ్గరే సేటు ఇరుక్కున్నాడు. బంక పూసిన క్షణాన అది అలాగే లేదు.

కవరులోంచి స్ట్రిప్ తీసి చూపించాను. "ఇది మీదేనా?"

"మాదే సార్."

"దీని మీద ఏం రాసుంది?"

"ఒక్కపొద్దు."

"అంటే?"

సేటు నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కపొద్దంటే ఒక్కపొద్దే గద సార్. పాలకుర్తి దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వస్తది. శనివారం శనివారం ఎంకటేశ్వరసామికి ఒక్కపొద్దుంటది. ఈ గోలి వారానికి ఒక్కటే. వారం పేరు రాస్తె మరుస్తదేమో గని, ఒక్కపొద్దు మరుస్తదా?"

ఒక్కపొద్దు. ఉపవాసం. మా అమ్మ బతికినన్నాళ్లూ సోమవారం ఒక్కపొద్దు ఉన్న మనిషి. ఆ మాట వింటూ పెరిగినవాణ్ని, చీటీ మీద చూస్తే నాకు తట్టలేదు. డాక్టరు గారు ఎలా చదివారో అలాగే చదివాను. అటెండరు ఒక్క చూపులో చదివేశాడు, ఎవలిది అని కూడా అడిగాడు. ఒక్క మాటను విడదీసి చదివితే రోజుకొకసారి, కలిపి చదివితే వారానికొకసారి. చేతిరాతలో ఆ సందు ఉందో లేదో ఎవరు తేల్చాలి? నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు కోపం, భయం రెండూ పోయి, ఆ చీటీ మీద వింతైన ఆసక్తి పుట్టింది. డోర్నకల్ ఆమె దవాఖానలో ఉందన్న సంగతి మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

విషయం చెప్పాను. సేటు మొహంలో రక్తం లేదు. లోపలి గది తలుపు దగ్గర నిలబడి వింటున్న ఆయన భార్య వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఆమె బతుకుతదా సార్?"

"డాక్టర్లు చూస్తున్నారమ్మా" అన్నాను. అంతకంటే నాకూ తెలియదు.

ఇరుగు పొరుగు దుకాణాల నుంచి ఇద్దరిని సాక్షులుగా పిలిచి, చీటీలు అతికించిన స్ట్రిప్‌లన్నీ స్వాధీనం చేసుకుని, వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాను. ఆమె లేచింది. "రాసింది నేను సార్. అతికిచ్చింది గూడ నేనే. కేసు నా మీద రాసుకోండ్రి."

"నువ్వు జర ఊకో" అన్నాడు సేటు. "దుకాణం నాది, లైసెన్సు నాది. ఏం రాసి అతికియ్యాల్నో చెప్పింది నేను. ఆమె పేరు కాయితంల రాయకుండ్రి సార్, మీ కాల్మొక్కుత."

తప్పు నాదంటే నాదని ఇద్దరూ పోటీ పడ్డారు. మూడోవాణ్ని, నేను, తల వంచుకుని రాసుకుంటూ కూర్చున్నాను. తెలుగులో రాయమని చెప్పిందెవరన్న మాట రాయాల్సిన చోటికి వచ్చేసరికి సేటు నా వైపు చూశాడు. నేనూ చూశాను. "పెద్దమనుషులు గోస పడుతాంటే సూడలేక మేమే రాసినమని రాసుకోండ్రి" అన్నాడు. అలాగే రాశాను. సిగ్గుపడాల్సిన పని చేశానని అప్పుడే తెలుసు. ఇంటికెళ్లి అన్నం కూడా సరిగా తినలేదు. కానీ రాశాను.

మర్నాడు పాలకుర్తి దిక్కు ఆ పెద్దమ్మ ఊరికి వెళ్లాను. కేసుకు ఆమె సాక్ష్యం కావాలి. అంతకంటే, ఆ చీటీ నిజంగా పనిచేసిందా లేదా అన్నది నాకు తెలుసుకోవాలనిపించింది. ఆమెకు డెబ్బై దాకా ఉంటాయి. కూలికి పోయి పోయి వంగిన నడుము, అయినా మాట గట్టిది. డాక్టరు రాసిన చీటీ, మాత్రలు రేకు డబ్బాలో పెట్టుకుంది.

"ఎప్పుడేసుకుంటున్నవు పెద్దమ్మా?" అన్నాను.

"ఒక్కపొద్దు నాడు. మాపటికి ఒక్కపొద్దు ఇడిచినంక ఏసుకుంట. ఆర్నెల్ల సంది ఒక్క వారం తప్పలే బిడ్డా."

"మీ యారాలుకు ఎందుకిచ్చినవు?" డోర్నకల్ ఆమె ఈమెకు తోడికోడలని ఊళ్లో అడిగితే తెలిసింది.

"మోకాళ్లు నొస్తున్నయని ఏడిసింది. నా పానం మంచిగైంది గద, దానిదీ కావాల్నని ఒక అట్ట ఇచ్చిన."

"ఎట్ల ఏసుకోవాల్నో చెప్పినవా?"

"దాని మీద రాసే ఉండె గద. ఆళ్ల ఇంట్ల సదువుకున్న కొడుకున్నడు." అని కళ్లు తుడుచుకుంది. "సేటును ఏమనకు బిడ్డా. గా చీటీ లేకుంటె నేనే రోజొకటి మింగుదును."

ఆ మాటతో కేసు తేలిపోయిందనుకున్నాను. తిరిగొస్తూ దారంతా సేటును ఎలా బయటపడేయాలా అని ఆలోచించాను. నా పేరు కూడా బయటపడకుండా పోతుందన్న ఆలోచన అందులో లేదని చెప్పను.

రెండు వారాలకు డోర్నకల్ ఆమె తేరుకుంది. బతికింది. ఆమె మంచం పక్కన కూర్చుని అడిగాను, ఒక్కపొద్దు అంటే ఏమనుకున్నావమ్మా అని.

"ఒక్కపొద్దులు బందు వెట్టిన సార్, షుగరొచ్చినంక. ఇగ అది యాదికి రాలే. మా పెద్దోడు రైల్వేల చేత్తడు. ఆడు సదివి, పొద్దుగాల ఒక్కటి అన్నడు." గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ కొడుకు మొహం అటు తిప్పుకున్నాడు.

"నోరు పుండ్లయినప్పుడు ఎవరికీ చూపించలేదా?"

"సూపిచ్చిన. మా దగ్గర సూదులేసే ఆయనకు అట్ట సూపిచ్చిన. పేరు అవుపడలే. చీటీ గుంజితె గోలీలు ఊడుతయని ఊకున్నడు. నొప్పుల గోలే గావచ్చు, ఏసుకో అన్నడు. ఇంకో నాల్గు ఏసుకున్న."

ఇక్కడికొచ్చేసరికి నా కళ్లు తెరుచుకున్నాయి. ఆ నాలుగు మాత్రలకూ అడ్డుపడగలిగింది ఒక్కటే, కింద అచ్చయి ఉన్న పేరు. దాన్ని బంకతో కప్పేశారు. ఏ చీటీ పాలకుర్తి పెద్దమ్మను కాపాడిందో అదే ఈమె ప్రాణం మీదికి తెచ్చింది. చట్టం రాసినవాళ్లకు ఒక్కపొద్దు సంగతి తెలియకపోవచ్చు గానీ, స్ట్రిప్ ఎవరి చేతికైనా పోతుందని తెలుసు. కేసు వేశాను. లైసెన్సు నెలరోజులు సస్పెండ్ అయింది.

కేసు విచారణకు రావడానికి మూడేళ్లు పట్టింది. సాక్ష్యానికి వెళ్లే ముందు మా పై అధికారి పిలిచి జాగ్రత్తలు చెప్పారు. మంచివారే, కాకపోతే మాటకు పదును. "మంచితనమైనా సరే, లేబుల్ లేకుండా అమ్మితే మిస్‌బ్రాండెడే నాయనా. అడిగినదానికే జవాబు చెప్పు. అడగనిది చెప్పకు" అన్నారు. నేను ఎన్నో కేసుల్లో పాటించిన సూత్రమే అది.

బోనెక్కాను. సేటు ఎదురుగా నిలబడ్డాడు. మూడేళ్లలో బాగా నలిగాడు. ఆయన భార్య వెనక బెంచీ మీద ఉంది. ఆయన తరఫు వకీలు కుర్రాయన. సేటు ఆయనకు కూడా నా మాట చెప్పలేదని ఆయన ప్రశ్నలను బట్టే అర్థమైంది.

"అంతకు ముందు ఆ షాపును మీరు తనిఖీ చేశారా?"

"చేశాను."

"అప్పుడు స్ట్రిప్‌ల మీద చీటీలు ఉన్నాయా?"

"లేవు."

వకీలు కాగితాలు సర్దుకుని కూర్చోబోయాడు. అడిగినదానికి జవాబు చెప్పాను. అందులో అబద్ధం లేదు. దిగిపోవచ్చు. సేటు వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు, నేను ఎక్కడ ఏం చెప్పేస్తానో అని నాకోసం భయపడుతున్నట్టు. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అప్పుడు లేవు సార్. నేను చెప్పిన తర్వాతే మొదలయ్యాయి" అన్నాను.

ప్రభుత్వ వకీలు గిర్రున తిరిగి చూశారు. జడ్జి గారు కళ్లద్దాలు తీశారు. "ఏం చెప్పారు? ఆ రోజు ఎలా అన్నారో మాటకు మాట చెప్పండి."

చెప్పాను. జర తెలుగుల రాసియ్యరాదు సేటూ, ముసలోల్లు గోస పడుతాండ్లు. టైపు చేస్తున్నామె చేతులాపి, గోసకు ఇంగ్లీషులో ఏం కొట్టాలి సార్ అని అడిగింది. జడ్జి గారు దాన్ని అలాగే ఉంచమన్నారు. ఆ సాక్ష్యం కాగితాల్లో ఇంగ్లీషు అక్షరాల్లో గోస ఇప్పటికీ ఉండే ఉంటుంది.

"స్ట్రిప్ మీద అతికించమన్నారా?"

"అనలేదు సార్. అతికించొద్దని కూడా అనలేదు."

తీర్పు ఒక శనివారం వచ్చింది. నేను వెళ్లాల్సిన పని లేదు, అయినా వెళ్లాను. తప్పు రుజువైందన్నారు జడ్జి గారు. మందు పట్టుకున్న ప్రతివాడికీ అదేమిటో తెలియాలని చట్టం ఉందనీ, మంచి ఉద్దేశంతో కప్పినా కప్పినట్టేననీ చెప్పారు. సేటు భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ప్రత్యేక కారణాలు చదివారు. దురాశ లేదు, దాపరికం లేదు, తనిఖీ చేసే అధికారి మాటే దీనికి మొదలు. అందుకని జరిమానా, ఆ రోజు కోర్టు లేచేదాకా శిక్ష.

కోర్టు లేచేదాకా అంటే ఏమిటో సేటుకు వెంటనే అర్థం కాలేదు. సాయంత్రం కోర్టు ముగిసేవరకు ఆ హాల్లోనే కూర్చోవాలి, అంతే జైలు. అర్థమయ్యాక కూడా ఆయన నవ్వలేదు. వెనక బెంచీ చివర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు పదకొండు గంటలు. నేను బయటికి వెళ్లబోయి, వెళ్లలేక, వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. భూమి తగాదాలు, దొంగతనాలు వరుసగా మా ముందు నుంచి పోయాయి. మధ్యాహ్నం సేటు భార్య టిఫిన్ డబ్బా తెచ్చింది. సేటు వద్దని తలూపాడు. నాకూ ఇవ్వబోయింది, నేనూ వద్దన్నాను. ఆకలి లేదని కాదు, ఆ డబ్బాలో చెయ్యి పెట్టే మొహం లేదు. సాయంత్రం జడ్జి గారు లోపలికి వెళ్లిపోయాక ఆమె వచ్చి, "లేవుండ్రి, కోర్టు లేసింది" అంది. ముగ్గురం మెట్లు దిగాం.

నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. వాంగ్మూలంలో నిజం దాచినందుకు శిక్ష కూడా పడింది. అది న్యాయమే. "నీ నోటికి ముందే సీలు వేయాల్సింది" అన్నారు మా అధికారి, కానీ ఆ తర్వాత నాతో మాట్లాడేటప్పుడు గారు అనడం మొదలుపెట్టారు. అటెండరుకు క్షమాపణ చెప్పాను. "ఎందుకు సార్?" అన్నాడు. సంగతంతా చెబితే పడీ పడీ నవ్వాడు.

ఈ మధ్య నా వేళ్ల కణుపులు వాచాయి. డాక్టరు పరీక్షలు చేయించి రాసిన మందుల్లో ఒకటి చూసి నాకే నవ్వొచ్చింది. అదే మందు. హనుమకొండలో మా ఇంటి పక్కనే దుకాణాలు చాలా ఉన్నాయి. నేను మట్టెవాడకే వెళ్లాను.

సేటు జుట్టు పూర్తిగా తెల్లబడింది. నా డాక్టరు చీటీ రెండుసార్లు చదివి, స్ట్రిప్ తీసి, గడువు తేదీ నాకు చూపించి భార్యకు అందించాడు. స్ట్రిప్ మీద చీటీ లేదు. ఆమె ఇప్పుడు పాత క్యాలెండరు అట్టలతో కవర్లు చేస్తోంది. అట్ట గట్టిది కాబట్టి ఎవరూ తొందరగా పారెయ్యరు. ప్రతి కవరుకూ చిన్న కిటికీ కోస్తుంది, మందు పేరు, గడువు తేదీ అందులోంచి కనబడేలా. పెన్ను తీసి నన్ను అడిగింది. అందరినీ అడుగుతుందట.

"మీరు ఒక్కపొద్దులుంటరా సార్?"

"లేదమ్మా, నాకా అలవాటు లేదు."

ఆమె తలెత్తలేదు. "ఒకటుంటిరి గద సార్. కోర్టుల, మాతోని. శనివారం నాడు."

సేటు అటు తిరిగి బీరువా తుడవడం మొదలుపెట్టాడు. ఆమె అవే గుండ్రటి అక్షరాలతో మూడు వరుసలు రాసి కవరు నా వైపు తిప్పింది. శనివారం నాడే. వారానికి ఒక్కటే. వేరేటోల్లకు ఇయ్యొద్దు.

"సదువుండ్రి సార్."

చదివాను.

"గట్ల గాదు. ఏం సమజైందో చెప్పుండ్రి."

నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. జీవితమంతా లేబుళ్లు చదివినవాణ్ని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, శనివారం నాడే వేసుకుంటాను, వారానికి ఒక్కటే వేసుకుంటాను, ఎవరికీ ఇవ్వను అని గట్టిగా చెప్పాను. ఆమె ఇంకోసారి చెప్పించుకుంది. అప్పుడు గానీ కవరు నా చేతికి ఇవ్వలేదు.